మన ఎండతో మన బండ్లు నడవాలి – సొమ్మొకడిది, సోకొకడిది కాకూడదు

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల సభ్యుల ఉమ్మడి సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సమావేశంలో కరెంటు బండ్ల గురించి ప్రసంగమేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. చెనక్కాయకు గిట్టుబాటు ధర లేదు, బోర్లు ఎండుతున్నాయి, బీమా సొమ్ము సమయానికి అందదు. ఇవన్నీ వదిలేసి కార్లు ఉన్నోళ్ల సంగతి మనకెందుకు? సమంజసమైన ప్రశ్నే. అందుకే ముందు దానికే జవాబు చెప్పుకుందాం.

ఈ హాలు బయట నిలిపిన బండ్లను ఒకసారి చూడండి. వాటిలో చార్జింగు స్కూటర్లు ఉన్నాయి. అవి మన సభ్యులవే. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు, చింతపండు, ఎండుమిర్చి తెచ్చే లగేజీ ఆటోల మధ్య డీజిల్ వాసన లేని బండ్లు కనిపిస్తున్నాయి. పంట మార్కెట్‌కు చేరడానికి మనం ఇచ్చే బాడుగ రేపు ఈ బండ్ల మీద ఆధారపడుతుంది. ఆ బండ్లు మనం వాడే కరెంటునే వాడతాయి. ఆ కరెంటు కోసం మళ్లీ మన భూమినే అడుగుతారు. బాడుగ, కరెంటు, భూమి మూడూ ముడిపడిన చోట రైతు సంఘం నోరు మూసుకుని కూర్చోలేదు.

గ్రామాల్లో తిరిగినప్పుడు సభ్యులు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. కరెంటు బండి గిట్టుబాటవుతుందా? చార్జింగ్ స్టేషన్లు వస్తే మా బోరు మోటరుకు కరెంటు తగ్గుతుందా? సోలార్ కంపెనీవాళ్లు భూమి అడుగుతున్నారు, ఇవ్వాలా వద్దా? ఈ మూడింటికీ మాకు తెలిసినంతలో, లెక్కలతో సహా జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాం.

ముందు మన జిల్లా పటం

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాల్లో కట్టారు. హంద్రీనీవా కాలువ మీది గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లిచ్చారు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కార్లు బయటికొచ్చాయి. 2025 జూలైలో కారెన్స్ క్లావిస్ ఈవీ అనే కరెంటు కారు మార్కెట్‌లోకి వచ్చింది. అదీ ఈ ఎర్రమంచిలో తయారైనదే. దాని పెద్ద బ్యాటరీ నిండటానికి 51 యూనిట్లకు పైగా కావాలి. మన ఐదు హెచ్‌పీ బోరు మోటరు పన్నెండు, పద్నాలుగు గంటలు ఆడితే అయ్యే కరెంటు అది.

ఇక తూర్పు వైపు నంబులపూలకుంట చూడండి. అక్కడి సోలార్ పార్కులో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు 2016లోనే పని మొదలుపెట్టింది. ధర్మవరానికి, పెనుకొండకు నడుమ రామగిరి కొండల మీద 1990వ దశకంలోనే గాలిమరలు తిరిగాయి. అంటే కరెంటు కారు మన దగ్గరే తయారవుతుంది. ఎండ కరెంటు, గాలి కరెంటు కూడా మన దగ్గరే పుడతాయి.

మరి మన సంగతి? వాన లెక్కలో దేశంలోనే అట్టడుగున ఉన్న ప్రాంతాల్లో మనదొకటి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. ఏ ఎండ మన చేనును మాడ్చిందో, ఆ ఎండతోనే ఇప్పుడు వ్యాపారం నడుస్తోంది. ఆ వ్యాపారంలో మన వాటా ఎంత అన్నదే ఈరోజు అసలు ప్రశ్న. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత మన విషయంలో నిజం కాకూడదు.

కలగలుపు కరెంటు అంటే

చార్జింగు బండికి పొగ రాదు కాబట్టి అది స్వచ్ఛమైనదని ప్రకటనల్లో చెబుతారు. సగం నిజమే. బండి నుంచి పొగ రాదు. కానీ కరెంటు ఎక్కడ పుట్టిందో అక్కడ పొగ వచ్చి ఉండొచ్చు.

గొల్లపల్లి రిజర్వాయరునే తీసుకోండి. అందులోకి శ్రీశైలం నుంచి హంద్రీనీవా ద్వారా కృష్ణా నీళ్లు వస్తాయి. మన కొండల మీద కురిసిన వాన నీళ్లూ వస్తాయి. రెండూ కలిశాక తూము దగ్గర నిలబడి ఇవి కృష్ణమ్మ నీళ్లు, ఇవి మన వాన నీళ్లు అని విడదీయలేం. కరెంటు గ్రిడ్ కూడా అంతే. ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ స్టేషన్‌లో బొగ్గుతో పుట్టిన కరెంటు, నంబులపూలకుంట ఎండ కరెంటు, కొండల మీది గాలి కరెంటు అన్నీ అదే తీగల్లో కలిసిపోతాయి. అయితే ఏ వేళకు ఏది ఎక్కువగా కలుస్తుందో మాత్రం చెప్పొచ్చు. మధ్యాహ్నం ఎండ కరెంటు పాలు ఎక్కువ. సాయంత్రం ఆరు దాటాక ఎండ కరెంటు సున్నా. అప్పుడు ఊళ్లలో దీపాలు, ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారిగా ఆడతాయి. ఆ బరువంతా ఎక్కువగా బొగ్గే మోయాలి.

దేశం మొత్తం స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని వనరులదేనని 2025లో ప్రకటించారు. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. ఏడాది పొడవునా పుట్టే కరెంటులో ఇప్పటికీ దాదాపు మూడొంతులు బొగ్గుదే. సగటున గ్రిడ్ నుంచి ఒక యూనిట్ వాడితే సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

ఈ లెక్కన పెట్రోలు స్కూటరును, చార్జింగు స్కూటరును పక్కపక్కన పెడదాం. పెట్రోలు స్కూటరు 100 కిలోమీటర్లు పోవడానికి రెండు లీటర్లకు పైనే తాగుతుంది. లీటరుకు 2.3 కిలోల చొప్పున ఐదు కిలోల వాయువు. చార్జింగు స్కూటరుకు అదే దూరానికి మూడు, మూడున్నర యూనిట్లు చాలు. గ్రిడ్ కరెంటు పోస్తే రెండున్నర కిలోలు. అంటే బొగ్గు కరెంటుతో నడిపినా సగం తగ్గుతుంది. పగటిపూట సోలార్ పలకల కింద చార్జింగ్ పెడితే ఆ మిగతా సగంలోనూ చాలా భాగం పోతుంది. బండి అదే, మనిషి అదే. చార్జింగ్ పెట్టిన వేళ మారింది, అంతే.

మొదటి ప్రశ్న: గిట్టుబాటవుతుందా?

లగేజీ ఆటో లెక్క చూద్దాం. బరువుతో పోయే డీజిల్ ఆటో 100 కిలోమీటర్లకు సుమారు నాలుగు లీటర్లు తాగుతుంది. లీటరు 97 రూపాయలనుకుంటే 390 రూపాయల దాకా అవుతుంది. కరెంటు లగేజీ ఆటోకు అదే దూరానికి, చార్జింగులో పోయే నష్టంతో కలిపి, 11 యూనిట్లు పడతాయనుకుందాం. యూనిట్ ఏడు రూపాయలకు దొరికితే 77 రూపాయలు. తేడా 300 రూపాయలకు పైనే.

ఇక్కడితో ఆపేస్తే మేమూ కంపెనీ ఏజెంట్లలాగే మాట్లాడినట్లవుతుంది. అదే కరెంటును యూనిట్ 20 రూపాయలకు అమ్మే ప్రైవేటు స్టేషన్‌లో పోయించుకుంటే 220 రూపాయలు. మిగులు దాదాపు సగానికి పడిపోయింది. ఆ మిగులులోంచే బండి అప్పు కట్టాలి, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. కాబట్టి చార్జింగు ఎవరి చేతిలో ఉంది, ఎంతకు అమ్ముతున్నారు అన్నదాన్ని బట్టే గిట్టుబాటు తేలుతుంది.

ఇంటి దగ్గరే చార్జింగ్ పెట్టుకుంటాం అంటారు కొందరు. స్కూటరుకైతే మంచిదే. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే నెలకు 30, 35 యూనిట్లు పెరుగుతాయి. లగేజీ ఆటోకు నెలలో 25 రోజులు, రోజుకు 11 యూనిట్లు అంటే 275 యూనిట్లు. మన ఇళ్ల కరెంటు ధర మెట్లు మెట్లుగా ఉంటుందని మీకు తెలుసు. నెలకు 225 యూనిట్లు దాటాక యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటాక 9 రూపాయల 75 పైసలు. పైన సర్దుబాటు చార్జీల వడ్డన ఉండనే ఉంది. చార్జింగు చౌక అనుకుని తెచ్చిన బండి ఇంటి బిల్లును పై మెట్టుకు ఎక్కించేస్తుంది. బండి కొనే ముందు మీ పాత బిల్లు చేతిలో పెట్టుకుని ఈ లెక్క వేసుకోండి.

ఇంకో జాగ్రత్త కూడా. మన ఏప్రిల్, మే ఎండలు బ్యాటరీకి పగవాళ్లు. ఎండలో తిరిగి వచ్చిన బండికి వెంటనే వైరు తగిలించకండి, నీడలో చల్లారనివ్వండి. గడ్డివాము పక్కన, పట్టుపురుగుల షెడ్డులో, మనుషులు పడుకునే గదిలో చార్జింగ్ పెట్టకండి. సన్న వైరు లాగి పనికానివ్వడం కాదు, 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు, ఎంసీబీ ఉండాలి. ఈ ఖర్చు వెయ్యి, రెండు వేలకు వెనకాడితే ఇల్లే పోతుంది.

రెండో ప్రశ్న: బోరు మోటరుకు దెబ్బ తగులుతుందా?

చార్జర్లలో రెండు రకాలు. స్కూటరు చార్జరు కిలోవాటు లోపు తీసుకుంటుంది, ఇస్త్రీ పెట్టె అంత. నాలుగైదు గంటలు నిదానంగా నింపుతుంది. దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. రెండోది హైవే పక్కన పెట్టే ఫాస్ట్ చార్జరు. 60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జరు ఒక్కటి ఆడిందంటే ఐదు హెచ్‌పీ మోటర్లు దాదాపు పదిహేను ఒక్కసారిగా ఆడినట్లు. మన పొలాల్లో ఉండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు నాలుగైదు మోటర్లకే ఆపసోపాలు పడుతుంది. అలాంటి లైను మీదనే ఫాస్ట్ చార్జరును తగిలిస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. లో ఓల్టేజి, మోటరు వైండింగు కాలడం, కాలిన ట్రాన్స్‌ఫార్మరును దించి, కొత్తది తెచ్చేదాకా పైరు వాడిపోవడం. ఇవన్నీ మనం అనుభవించినవే.

మధ్యాహ్నం పూట గ్రిడ్‌లో ఎండ కరెంటు పుష్కలంగా ఉంటుంది. అప్పుడు కరెంటుకు కొదవ లేదు. కొదవంతా దారికే. సబ్‌స్టేషన్ నుంచి మన ఊరిదాకా వచ్చే తీగ, ట్రాన్స్‌ఫార్మరు ఇరుకు. కాలువ నిండా నీళ్లున్నా పిల్లకాలువ చిన్నదైతే చివరి మడికి నీరు చేరదు కదా! అందుకే చార్జింగు ఎక్కడ పెడితే అక్కడే కొంత కరెంటు పుట్టించాలి. పైన సోలార్ పలకలు, కింద చార్జర్లు ఉంటే తీగ మీద బరువు తగ్గుతుంది. మబ్బు పట్టినప్పుడు, సాయంత్రం వేళ తక్కువైన మేరకే గ్రిడ్ నుంచి తీసుకుంటుంది. బండ్లు లేని రోజు పలకల కరెంటు గ్రిడ్‌కు పోతుంది. ఎండనూ గ్రిడ్‌నూ కలిపి వాడటం అంటే ఇదే. మన దగ్గర ఇంకో వాటం కూడా ఉంది. ఆషాఢం, శ్రావణంలో మబ్బులతో ఎండ కరెంటు తగ్గే రోజుల్లోనే కొండల మీద గాలి బలంగా వీస్తుంది. ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి అందుకుంటుంది.

ఇక్కడ మనలో మనం ఒక మాట అనుకోవాలి. కొందరు పొలం దగ్గర మోటరు పెట్టె నుంచి వైరు లాగి బండికి చార్జింగ్ పెడుతున్నారని మా దృష్టికి వచ్చింది. ఒక యూనిట్‌కో రెండు యూనిట్లకో ఏమవుతుంది అనొచ్చు. ఉచిత విద్యుత్తు వ్యవసాయానికి ఇచ్చిన హక్కు. 2004లో అది ఊరికే రాలేదు, రైతుల ఆత్మహత్యల తర్వాత, పోరాటాల తర్వాత వచ్చింది. పగటిపూట తొమ్మిది గంటలు కూడా అడిగి సాధించుకున్నదే. మోటర్లకు మీటర్లు బిగిస్తామని వచ్చినప్పుడు ఎదిరించింది కూడా మనమే. ఉచిత కరెంటు దుర్వినియోగమవుతోందని చెప్పడానికి సాకు వెతికేవాళ్ల చేతికి మనమే ఆ సాకు అందించకూడదు. నూరు మందికి మేలు చేసే హక్కును ఒక స్కూటరు కోసం పోగొట్టుకోవద్దు.

మార్కెట్ యార్డు రేకుల మీద

మేము ప్రతిపాదిస్తున్నది పెద్ద సాంకేతిక అద్భుతమేమీ కాదు. మార్కెట్ యార్డు షెడ్ల రేకుల మీద సోలార్ పలకలు, షెడ్ల నీడలో నిదానంగా నింపే చార్జర్లు.

హిందూపురం యార్డుకు వచ్చే లగేజీ ఆటో దినచర్య చూడండి. తెల్లవారుజామున ఊళ్లో బయలుదేరుతుంది. పొద్దున సరుకు దించుతుంది. వేలం అయ్యేదాకా, కాటా అయ్యేదాకా, డబ్బు చేతికందేదాకా రైతు ఆగుతాడు, ఆటో ఆగుతుంది. తిరుగు బాడుగ మధ్యాహ్నం తర్వాతనే. ఎండ కరెంటు దండిగా ఉండే గంటలూ అవే. ఆ మూడు, నాలుగు గంటలు ఊరికే నిలబడే బండికి అక్కడే చార్జింగ్ అందితే ఫాస్ట్ చార్జరు అవసరమే లేదు.

20 కిలోవాట్ల పలకలు పెట్టామనుకుందాం. సుమారు 2,000 చదరపు అడుగుల కప్పు కావాలి, ఐదు సెంట్ల లోపే. కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్ల చొప్పున 80 యూనిట్లు పుడతాయి. ఆటోకు ఏడు యూనిట్ల చొప్పున పదకొండు ఆటోలకు, లేదా మూడు యూనిట్ల చొప్పున పాతిక స్కూటర్లకు చాలు. ఈనాటి ధరల్లో పలకలు, ఇన్వర్టరు, బిగింపు అన్నీ కలిపి పది, పన్నెండు లక్షలు అవుతుంది. చార్జర్ల ఖర్చు అదనం. యూనిట్ పది రూపాయలకు ఇచ్చినా, ఏడాదిలో 300 రోజులు మొత్తం అమ్ముడైతే 2 లక్షల 40 వేలు వస్తుంది. ఐదారేళ్లలో పెట్టుబడి తిరిగి రావచ్చు. పలకలు ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తాయి.

దీనిలోని ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటి ఏడాది అన్ని బండ్లు రావు. మిగిలిన కరెంటుకు గ్రిడ్ ఇచ్చే ధర తక్కువ. పలకల మీది దుమ్ము వారానికోసారి తుడవాలి, లేకపోతే కరెంటు పడిపోతుంది. ఎవరో ఒకరు దాన్ని సొంత మోటరులాగా చూసుకోవాలి. రాత్రికి కరెంటు దాచే బ్యాటరీలు ఇప్పుడే పెడితే ఖర్చు బాగా పెరుగుతుంది. ముందు గ్రిడ్‌నే తోడుగా ఉంచుకుని మొదలుపెడదాం.

దీనికి లైసెన్సు కావాలేమో అని కొందరికి అనుమానం. అవసరం లేదు. బండ్లకు చార్జింగ్ చేయడం కరెంటు అమ్మకం కిందకు రాదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. సహకార సంఘమైనా, రైతు ఉత్పత్తిదారుల సంఘమైనా పెట్టుకోవచ్చు. 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో ఇంకా ముఖ్యమైన మాట ఉంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా చార్జింగ్ స్టేషన్లకు డిస్కంలు సగటు సరఫరా వ్యయంలో 0.7 వంతు ధరకే కరెంటు ఇవ్వాలని, మిగతా వేళల్లో 1.3 రెట్లు తీసుకోవచ్చని చెప్పారు. సగటు వ్యయం ఏడు రూపాయలనుకుంటే పగలు 4 రూపాయల 90 పైసలు, రాత్రి 9 రూపాయల 10 పైసలు. అయితే ధర ఖరారు చేసేది మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. ఏటా కొత్త ధరలకు ముందు కమిషన్ ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. పెద్ద కంపెనీల లాయర్లు అక్కడికి వెళ్తారు. మనమూ వెళ్లాలి.

రైతులు కరెంటు వ్యాపారం చేయగలరా అని నవ్వేవాళ్లకు గుజరాత్‌లోని ధుండీ గ్రామాన్ని చూపిద్దాం. ఖేడా జిల్లాలోని ఆ ఊళ్లో ఆరుగురు రైతులు సోలార్ పంపుసెట్ల సహకార సంఘంగా ఏర్పడి, 2016 నుంచి పొలానికి వాడుకోగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మడం మొదలుపెట్టారు. నీళ్ల కోసం మోటరు ఆడించడమా, కరెంటు అమ్ముకోవడమా అన్న ఎంపిక రైతు చేతికే వచ్చింది. అంతదూరం ఎందుకు? కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లిలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు దశాబ్దాల పాటు ఊళ్లకు కరెంటు పంపిణీ చేశాయి. తెలుగు పల్లెలకు ఇది కొత్త విద్య కాదు.

మూడు ఊళ్లకు ఒకే మందు పనికిరాదని కూడా మా అభిప్రాయం. హిందూపురానికి మార్కెట్ యార్డు, పట్టుగూళ్ల మార్కెట్ ముఖ్యం. ధర్మవరంలో పట్టు, చీరలు మోసే ఆటోలు, రైల్వే స్టేషన్ ఆటోలు ఎక్కువ. అక్కడ ఆటో స్టాండ్ల నీడ మీద పలకలు వేయాలి. పెనుకొండ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. బెంగళూరు కార్లు ఆగేది అక్కడ. ఫాస్ట్ చార్జర్లు అక్కడికే వస్తాయి. వాటికి వేరే లైను, వేరే ట్రాన్స్‌ఫార్మరు ఉండేలా చూడటమే అక్కడి మన పని.

మూడో ప్రశ్న: భూమి

సోలార్‌కు మనం వ్యతిరేకం కాదు. భూమి పోగొట్టుకోవడానికి వ్యతిరేకం. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,800 ఎకరాలకు పైగా తీసుకున్నారు. చెప్పిన కంపెనీలు రాలేదు, చెప్పిన ఉద్యోగాలు రాలేదు. ఆ అనుభవం తర్వాత ఎవరైనా మన భూమిని చూపించి అభివృద్ధి అంటే నాలుగు ప్రశ్నలు వేయడం మన బాధ్యత.

ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా చిన్న ప్లాంట్లను రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు బీడు భూముల్లో సబ్‌స్టేషన్ దగ్గరే పెట్టుకోవచ్చని రాశారు. కాగితం మీద మంచి మాట. కానీ మెగావాటుకు కోట్లలో పెట్టుబడి కావాలి. బ్యాంకు రుణం, గ్యారంటీ లేకుండా ఐదెకరాల రైతు వల్ల కాదు. చివరికి రైతు పేరు ముందు పెట్టుకుని కంపెనీలే వస్తాయి.

2021 డిసెంబరులో వ్యవసాయ విద్యుత్తు కోసమని సెకీ ద్వారా 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తుకు యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున 25 ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. రాజస్థాన్ ఎండను ఇంతదూరం తెచ్చుకునే ఆలోచన చేసినవాళ్లు మన ఊరి సబ్‌స్టేషన్ పక్కన ఉన్న ఎండ గురించి ఎందుకు ఆలోచించలేదని మనం అడగాలి.

కాబట్టి మా సలహా ఇది. సాగు భూమి ఇవ్వొద్దు. బీడు భూమిని కూడా అమ్మొద్దు. కౌలుకిస్తే ఏటా పెరిగే కౌలు, గడువు, ఒప్పందం మధ్యలో కంపెనీ చేతులు మారితే ఏమిటి, గడువు తీరాక పలకలు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు తీస్తారు అన్నవి తెలుగులో రాసిన కాగితం మీద ఉండాలి. సంతకానికి ముందు ఆ కాగితం సంఘానికి చూపించండి. డీ పట్టా భూమి ఉన్నవాళ్లు, ఆ భూమిలో గొర్రెలు మేపుకునేవాళ్లు, కౌలు రైతులు కూడా నష్టపోయేవాళ్లేనని మరవకూడదు.

మన డిమాండ్లు

ఒకటి, వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల ఉచిత విద్యుత్తును చార్జింగ్ స్టేషన్ల కోసం ఒక్క నిమిషం కూడా తగ్గించకూడదు. దాని పేరుతో మోటర్లకు మీటర్లు పెట్టకూడదు.

రెండు, ఫాస్ట్ చార్జర్లకు వేరే ట్రాన్స్‌ఫార్మరు, వేరే లైను ఉండాలి. ఆ ఖర్చు స్టేషన్ పెట్టేవాళ్లే భరించాలి, సర్దుబాటు చార్జీల రూపంలో మన నెత్తిన వేయకూడదు.

మూడు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మార్కెట్ యార్డుల్లో ప్రభుత్వ ఖర్చుతో సోలార్ చార్జింగ్ షెడ్లు వేయాలి. 2024లో ప్రకటించిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్లకే 2,000 కోట్లు కేటాయించారు. అందులో మార్కెట్ యార్డులకు వాటా కావాలి. నిర్వహణ రైతు, ఆటో కార్మికుల సహకార సంఘాలకు ఇవ్వాలి.

నాలుగు, పగటి చార్జింగ్‌కు తగ్గింపు ధరను మన రాష్ట్రంలో పూర్తిగా అమలు చేయాలి. ఆ తగ్గింపు బండి నడిపేవాడికి చేరాలి, స్టేషన్ యజమాని జేబులో ఆగిపోకూడదు.

ఐదు, చిన్న సోలార్ ప్లాంట్లలో రైతు సహకార సంఘాలకు మొదటి అవకాశం, ప్రభుత్వ గ్యారంటీతో బ్యాంకు రుణం ఇవ్వాలి.

వచ్చే సమావేశానికి

డిమాండ్లు చదివి చప్పట్లు కొట్టి ఇంటికి పోతే ఏమీ జరగదు. వచ్చే నెల సమావేశానికి ఒక్కో గ్రామశాఖ మూడు వివరాలు కాగితం మీద రాసుకుని రావాలి. మీ ఊళ్లో చార్జింగు బండ్లు ఎన్ని, వాటిలో లగేజీ ఆటోలు ఎన్ని? మీ ట్రాన్స్‌ఫార్మర్ల కెపాసిటీ ఎంత, వాటి మీద మోటర్లు ఎన్ని, గత ఏడాది ఎన్నిసార్లు కాలాయి? సోలార్ పేరుతో మీ ఊళ్లో ఎవరి భూమి అడిగారు, ఎంత కౌలు చెప్పారు? ఈ లెక్కలు చేతిలో ఉంటేనే కమిషన్ ముందు, కలెక్టరు ముందు మన మాటకు బరువు వస్తుంది.

ఆటో కార్మిక మిత్రులు రోజువారీ కిలోమీటర్లు, చార్జింగ్ ఖర్చు నెలరోజులు ఒక నోటుబుక్కులో రాయండి. మేము ఈరోజు చెప్పిన లెక్కల్లో తప్పుంటే మీ నోటుబుక్కే సరిచేస్తుంది. తప్పు చెప్పించుకోవడానికి మాకు నామోషీ లేదు.

ఇన్నాళ్లూ మన ఎండను తిట్టుకుంటూ బతికాం. దాన్ని ఎవరో కొలిచి, కొని, అమ్ముకుంటున్న ఈ రోజున కొలపాత్ర ఒకటి మన చేతిలోనూ ఉండాలి. ఆ పని మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మోటర్లు లెక్కపెట్టడంతోనే మొదలవుతుంది.